నీటి రుచి నీటిదేనా?

భారతీయ దర్శనాల్లో ప్రసిద్ధమైన లెక్క ప్రకారం పంచభూతాల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క విశేష గుణం ఉంది: ఆకాశానికి శబ్దం, వాయువుకు స్పర్శ, తేజస్సుకు రూపం, జలానికి రసం, పృథివికి గంధం. రసం అంటే ఇక్కడ నాలుక ఒక్కటే గ్రహించగల గుణం, అంటే రుచి. ఈ లెక్కలో నిత్యానుభవానికి అన్నిటికంటే ఎదురుగా నిలిచేది జలం గురించి చెప్పిన మాటే. పువ్వుకు వాసన ఉందన్నా, దీపానికి వెలుగు ఉందన్నా ఎవరికీ సందేహం రాదు గాని, మంచినీళ్లకు రుచి ఉందంటే మాత్రం వినేవారు ఆగి ఆలోచిస్తారు. లోకం నీళ్లు తాగేది దాహం తీరడానికి, లేదా నోట్లో మిగిలిన మరో రుచి పోవడానికి. రుచిని కడిగివేసే పదార్థానికి రుచే విశేష గుణమని పెద్దలు ఎందుకన్నారు? నీటిలో రుచి తగిలినప్పుడు అది నీటిదా, నీటిలో కలిసినదానిదా, లేక తాగే నాలుకదా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, ద్రవ్యానికీ గుణానికీ ఉన్న సంబంధం ఏమిటి, శుద్ధి అంటే ఏమిటి అనే పెద్ద ప్రశ్నలు దీనిలోనే ఇమిడి ఉన్నాయి. దీన్ని పరీక్షించడానికి భూగర్భంలోనే వాయువును కలుపుకొని బుడగలతో పైకి వచ్చే సహజ ఖనిజ జలం కంటే తగిన ఉదాహరణ దొరకదు. దాని రుచి ఎవరూ కాదనలేనంత స్పష్టమైనది, దానిలో కరిగి ఉన్నవి ఏవి ఎంతెంతో లీటరుకు మిల్లీగ్రాముల్లో తేలినవి.

జర్మనీ పశ్చిమ భాగంలో ఐఫెల్ అనే కొండ ప్రాంతం ఉంది. అది అగ్నిపర్వతాలు పుట్టిన నేల. అక్కడి చివరి విస్ఫోటం సుమారు 11 వేల ఏళ్ల కిందటిదే కావడం వల్ల, లోతున ఉన్న శిలాద్రవం నుంచి కార్బన్ డయాక్సైడ్ వాయువు నేటికీ పగుళ్ల వెంట పైకి వస్తూనే ఉంది. ఆ ప్రాంతంలో కిల్ నది ఒడ్డున ఉన్న గెరోల్‌స్టైన్ పట్టణపు ఊటల నీటిని 1888లో స్థాపితమైన ఒక సంస్థ సీసాల్లో నింపి లోకానికి పంపుతోంది. పట్టణం పక్కన నిలువుగా లేచిన కొండలు డోలమైట్ శిలలు, అంటే కాల్షియం, మెగ్నీషియం అనే రెండు లోహాల కార్బొనేట్లు కలిసి గట్టిపడిన రాళ్లు. సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చటి సముద్రం ఉన్న కాలంలో పగడాలు, వాటితోపాటు బతికిన జీవులు కట్టిన దిబ్బల నుంచి అవి ఏర్పడ్డాయి. వట్టి వాన నీరు ఆ రాయిని అంతగా కరిగించలేదు. అయితే లోతు నుంచి వచ్చే వాయువు నీటిలో కలిసి స్వల్పమైన ఆమ్లంగా, అంటే పులుపు గుణం గల ద్రవంగా మారినప్పుడు, ఆ ఆమ్లం రాయిని కొద్దికొద్దిగా తిని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ విడిపిస్తుంది, రాతిలోని కార్బొనేట్‌ను నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారుస్తుంది. అంటే ఈ నీటిలో నాలుకను పొడిచే వాయువు, నాలుకపై నిలిచే ఖనిజం వేర్వేరు సంగతులు కావు. మొదటిది కారణం, రెండోది దాని ఫలం.

ఆ ఫలం పరిమాణం తక్కువేమీ కాదు. ఆ సంస్థ ప్రకటించే విశ్లేషణ ప్రకారం గెరోల్‌స్టైన్ నీటిలో లీటరుకు కాల్షియం సుమారు 348 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 108, సోడియం 118, బైకార్బొనేట్ 1,816 మిల్లీగ్రాములు ఉంటాయి. కరిగిన పదార్థాలన్నీ కలిపితే లీటరుకు రెండున్నర గ్రాముల దాకా తేలుతుంది. మూత తీసిన వెంటనే ఒక గుక్క తాగితే మొదట చురుక్కుమనే పులుపు, ఆ వెనుక సున్నపు రాయిని గుర్తుచేసే కాల్షియపు రుచి, చివర మెగ్నీషియం తెచ్చే సన్నని చేదు వరుసగా తెలుస్తాయి. అదే నీటిని గ్లాసులో పోసి కొన్ని గంటలు వదిలేస్తే వాయువు పోయి పులుపు తగ్గుతుంది, ఖనిజాల రుచి మాత్రం బరువుగా మిగులుతుంది. దాన్ని కాచితే బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం తిరిగి కార్బొనేట్‌గా, తెల్లటి పొరగా గిన్నె అడుగున దిగుతుంది. తెలుగునాట బోరు నీళ్లు కాచిన గిన్నెలకు పట్టే తెల్లటి పొర కూడా చాలావరకు ఈ మార్పు వల్ల వచ్చినదే. ఫ్రాన్స్‌లోని విషీ పట్టణంలో సెలెస్తాఁ అనే ఊట నీటిలో కాల్షియం సుమారు 103 మిల్లీగ్రాములే గాని సోడియం 1,172 మిల్లీగ్రాములు, బైకార్బొనేట్ దాదాపు 3,000 మిల్లీగ్రాములు ఉండటం వల్ల, ఆ నీరు నోటికి ఉప్పగా, వంటసోడా కలిపినట్లు జారుడుగా తోస్తుంది. ఒకే హైడ్రోజన్, ఒకే ఆక్సిజన్ కూడి ఏర్పడిన నీరు రెండు చోట్ల రెండు రుచులతో పలకడం చూసినప్పుడు, తేడా నీటిది కాదని, దానిలో కరిగిన నేలదేనని ఎవరికైనా అనిపిస్తుంది.

న్యాయ వైశేషిక దర్శనాలు సరిగ్గా ఈ మాటే అన్నాయి. ఆంధ్రదేశానికి చెందినవాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం, తీపి, పులుపు, ఉప్పు, కారం, వగరు, చేదు అనే ఆరు రసాలూ పృథివిలో ఉంటాయని, జలంలో మాత్రం తీపి ఒక్కటే ఉంటుందని నిర్ణయిస్తుంది. నీటిలో పులుపో ఉప్పో తగిలితే అది నీటిలో చేరిన పార్థివ కణాలది, అంటే మట్టికి చెందిన అంశాలది. అలాంటి గుణాన్ని తార్కికులు ఔపాధికం అన్నారు. ఉపాధి అంటే దగ్గర ఉండి తన గుణాన్ని మరొకదానిదిగా తోపింపజేసేది. మందారం పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనిపిస్తే ఆ ఎరుపు స్ఫటికానిది కానట్లే, ఊట నీటిలోని ఉప్పదనం నీటిది కాదని ఈ వాదం. లీటరు నీటిలో రెండున్నర గ్రాముల నేల ఉందని రసాయన శాస్త్రం తేల్చడానికి ఎంతో ముందే ఈ విభజన స్పష్టంగా జరగడం ఆ దర్శనపు నిశితత్వానికి నిదర్శనం.

అయితే నీటికి సొంతమని చెప్పిన ఆ తీపి ఎక్కడుంది? ఖనిజాలన్నీ తీసివేసి, ఆవిరి పట్టి చల్లార్చిన నీటిని తాగితే తీపి తగలదు, చప్పగా ఉంటుంది. ఈ ఆక్షేపణను న్యాయసిద్ధాంత ముక్తావళి ముందే ఊహించి సమాధానం చెప్పింది: నీటి తీపి ఉన్నా అది బయటపడదని, కరక్కాయ వంటివి నమిలి నీళ్లు తాగినప్పుడు వ్యక్తమవుతుందని, కాబట్టి కరక్కాయ ఆ తీపిని పుట్టించేది కాక వెల్లడించేది మాత్రమేనని దాని వాదం. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగిన తెలుగువారికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. పాశ్చాత్య శాస్త్రవేత్తలు కూడా దీన్ని గమనించారు. ఆర్టిచోక్ అనే కూరగాయ తిన్న తర్వాత నీరు తియ్యగా తోచడాన్ని 1972లో ప్రచురితమైన ఒక పరిశోధన వివరించింది. కాని ఆ కాలపు ప్రయోగాల్లో మరో సంగతి కూడా తేలింది. పులుపుకో చేదుకో అలవాటు పడిన నాలుకకు నీరు తియ్యగా తోస్తే, ఉప్పుకు అలవాటు పడిన నాలుకకు అదే నీరు చేదుగా, పుల్లగా తోస్తుంది. కరక్కాయ తర్వాతి తీపి నీటి స్వభావాన్ని వెల్లడిస్తే, ఉప్పు తర్వాతి చేదు కూడా నీటి స్వభావాన్నే వెల్లడించాలి. అప్పుడు నీటికి తీపి ఒక్కటే సొంతమన్న నియమం నిలవదు. నాలుక ఎప్పుడూ లాలాజలంలో తడిసి ఉంటుంది, ఆ లాలాజలంలోనూ సోడియం, బైకార్బొనేట్ ఉంటాయి. కాబట్టి నాలుక నీటిని కొలిచేది అంతకుముందు తనపై ఉన్న ద్రవంతో పోల్చుకొని మాత్రమే. ముక్తావళి గమనించిన అనుభవం సత్యమే గాని, దాని నుంచి తీసిన నిర్ణయం ఆ అనుభవం మోయగలిగిన దానికంటే బరువైనది.

వైద్య గ్రంథాలు పట్టిన దారి వేరు. చరక సంహిత సూత్రస్థానం, ఆకాశం నుంచి పడే నీరు అవ్యక్త రసమని, అంటే ఇదీ రుచి అని ఎంచి చెప్పలేనిదని, నేల మీద పడ్డాక ఆ నేలను బట్టి రుచి పొందుతుందని చెబుతుంది. తెల్ల నేలలో వగరు, చవిటి నేలలో ఉప్పు, నల్లమట్టిలో తీపి, కొండల్లో కారం అని వరుసగా ఎంచుతుంది. అదే గ్రంథంలో 26వ అధ్యాయం రసాలు ఎన్ని అనే ప్రశ్నపై చైత్రరథ వనంలో జరిగిన ఋషుల సభను వర్ణిస్తుంది. రసం ఒక్కటేనని, అది నీటికంటే వేరు కాదని భద్రకాప్యుడు అంటాడు. ఆరని వార్యోవిదుడు, క్షారాన్ని కలిపి ఏడని విదేహరాజు నిమి, అవ్యక్తాన్నీ కలిపి ఎనిమిదని బడిశుడు, లెక్కలేనన్నని కాంకాయనుడు అంటారు. ఆత్రేయుడు చివరకు ఆరింటినే నిలబెడుతూ, నీరు రసాలకు పుట్టుచోటే గాని తానే రసం కాదని భద్రకాప్యుడికి, క్షారం రసం కాదు, ద్రవ్యమని నిమికి సమాధానం చెబుతాడు. అనేక పదార్థాల నుంచి పుట్టి, అనేక రుచులు కలిగి, నాలుకకే కాక ఇతర ఇంద్రియాలకు కూడా తెలిసేదాన్ని ఒక రసంగా లెక్కించడం తగదని ఆయన అభిప్రాయం.

వాయువు కలిసిన నీటి విషయంలో ఆత్రేయుడి హెచ్చరిక ఎంత విలువైనదో గడచిన రెండు దశాబ్దాల పరిశోధన చూపింది. సోడా నీరు నాలుకను పొడవడం బుడగలు పగలడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. కాని బుడగలు ఏర్పడనివ్వనంత పీడనం ఉన్న గదిలో మనుషులకు ఆ నీటిని తాగించి చూసినప్పుడు కూడా ఆ చురుకు తగ్గలేదని 2013లో ప్రచురితమైన ప్రయోగం తేల్చింది. 2009లో ఎలుకలపై జరిగిన పరిశోధన ప్రకారం, పులుపును గ్రహించే రుచి కణాల మీద కార్బనిక్ ఆన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్, అంటే రసాయన మార్పును వేగవంతం చేసే ప్రోటీన్, ఆ వాయువును అక్కడికక్కడే ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లాన్నే కణం పులుపుగా గుర్తిస్తుంది. ఎత్తైన కొండలెక్కేవారు వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మందు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, అది వేసుకున్నవారికి సోడా చప్పగా తోస్తుంది. దీనితోపాటు నొప్పిని, మంటను గ్రహించే నరాలు కూడా ఆ ఆమ్లానికి స్పందిస్తాయి. అంటే నీటి చురుకులో రసనేంద్రియం, స్పర్శేంద్రియం రెండూ పాలుపంచుకుంటాయి. వాయువు ఊటది, ఎంజైమ్ తాగేవాడిది, వాటి కలయికలో పుట్టిన పులుపు ఏ ఒక్కరిదీ కాదు. సీసాలో మూతపడి ఉన్నప్పుడు ఆ రుచి ఉన్నదనడం కంటే, కలగడానికి సిద్ధంగా ఉన్నదనడమే సరైన మాట.

రుచి ఇలా సంబంధం నుంచి పుట్టేదైతే, సహజమైన ఊట నీటికీ మనిషి చేసిన సోడా నీటికీ తేడా ఏమిటన్న ప్రశ్న తప్పదు. ఇంగ్లండ్‌లో మతాచార్యుడూ శాస్త్రజ్ఞుడూ అయిన జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో లీడ్స్ నగరంలో బీరు పులియబెట్టే తొట్లపై తేలే వాయువును నీటిలోకి ఎక్కించి, 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా ప్రకటించాడు. జర్మనీలోని పిర్మాంట్ ఊట నీటి గుణాలను మామూలు నీటికి కలిగించడమే ఆయన ఉద్దేశం. తెలుగువారి గోలీ సోడా ఆ ప్రయోగపు సంతతిలోనిదే. ఖనిజాలను కూడా తూకం వేసి కలిపితే నాలుక పసిగట్టలేని నకలును తయారు చేయవచ్చు. అయినా ఐరోపా సమాఖ్య చట్టం ఊటలో ఉన్నంత వాయువే ఉన్న నీటిని, అదే ఊట వాయువును అదనంగా కలిపిన నీటిని, బయటి వాయువు కలిపిన నీటిని మూడు వేర్వేరు పేర్లతోనే అమ్మాలని శాసిస్తుంది. తార్కికుల పరిభాషలో చెబితే, రెండు కార్యాలు ఒకేలా కనిపించినా వాటి కారణాలు వేరైతే అవి ఒకటే అనడం అసత్యం. నకలు నీరు తాగినవారికి నష్టమేమీ కలగకపోవచ్చు గాని, దాన్ని ఊట నీరని చెబితే విన్నవారికి అసత్య జ్ఞానం కలుగుతుంది. చట్టం కాపాడుతున్నది ఆ జ్ఞానాన్నే.

ఆ చట్టమే ఖనిజ జలాన్ని పుట్టుకతోనే శుద్ధమైనదిగా నిర్వచిస్తుంది. లీటరుకు రెండున్నర గ్రాముల పదార్థం కరిగిన నీటిని శుద్ధమనడం రసాయన శాస్త్రపు కొలమానంలో వింతగానే కనిపిస్తుంది. ఇక్కడ శుద్ధి అంటే ఖాళీ అని కాక, బయటి కల్మషం సోకకుండా, ఏళ్లు గడిచినా మారని కూర్పుతో ఊటకు నమ్మకంగా ఉండటమని అర్థం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రతి ఊళ్లోనూ దొరికే ఇరవై లీటర్ల క్యాన్ నీరు దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. సన్నని పొరల గుండా నీటిని ఒత్తిడితో నెట్టి కరిగిన లవణాల్లో అధిక భాగాన్ని తీసివేయడమే అక్కడ శుద్ధి. ఈ రెండో అర్థాన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం అవుతుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగి, పళ్లు గారపట్టిన మనుషుల గురించిన వైద్య నివేదిక 1937లోనే వెలువడింది. నల్గొండ జిల్లా పల్లెలు తరతరాలుగా ఆ బాధ పడ్డాయి, పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి ఆ జిల్లా పేరే వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం చెబుతోంది. అంత కొద్ది పరిమాణాన్ని ఏ నాలుకా పట్టుకోలేదు. ఐరోపాలో కూడా ఆ పరిమితి దాటిన ఖనిజ జలపు సీసాలపై, శిశువులు, ఏడేళ్ల లోపు పిల్లలు రోజూ తాగడానికి పనికిరాదని ముద్రించాలి. రుచి ఉన్నంత మాత్రాన మేలనీ, రుచి లేనంత మాత్రాన నిర్దోషమనీ చెప్పడానికి వీల్లేదు. ప్రత్యక్షం ఒక ప్రమాణమే గాని, నీటి విషయంలో ఏకైక ప్రమాణం కాదు.

ఇంత విచారణ తర్వాత, జలంలోని రసాన్ని నేనే అని శ్రీకృష్ణుడు భగవద్గీత ఏడో అధ్యాయంలో చెప్పిన మాటను మరింత లోతుగా గ్రహించడం వీలవుతుంది. రసం నీటి సారమని, ఆ సారరూపమైన తనలో నీరు కూర్చబడి ఉందని శంకరాచార్యుల వ్యాఖ్యానం. ఇక్కడి రసం తీపి అనో ఉప్పు అనో ఎంచగల ఒక రుచే అయితే, ఊటకూ ఊటకూ మారే దాన్ని సారమనడం కుదరదు. కాని రుచులన్నీ మారుతున్నా మారనిది ఒకటుంది: కరగనిదే ఏదీ రుచించదు. గెరోల్‌స్టైన్ డోలమైట్ రాయిని పొడి నాలుకపై పెడితే అది వట్టి రాయి. నీరు దాన్ని లోపలికి తీసుకున్నప్పుడే 38 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం రుచిగా మారి మనిషిని చేరుతుంది. రుచించేది తడిసినదై ఉండాలని, లేదా తడవగలదై ఉండాలని అరిస్టాటిల్ కూడా గుర్తించాడు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువు చేత ఉప్పుగడ్డను నీటిలో వేయించి, మరునాడు ఆ నీటిని పైన, నడుమ, అడుగున రుచి చూడమంటాడు. కంటికి కనపడని ఉప్పు అన్ని చోట్లా నాలుకకు తెలిసింది. ఆ కథలో సాధారణంగా అందరి దృష్టీ ఉప్పు మీదే నిలుస్తుంది గాని, ఉప్పు అంతటా ఉండగలిగింది నీరు దానికి చోటిచ్చినందువల్లనే అన్న సంగతి కూడా అంతే ముఖ్యం.

కాబట్టి రసం నీటిదేనా అంటే, ఏ ఒక్క రసమూ నీటి సొంతం కాదు గాని నీరు లేకుండా ఏ రసమూ లేదన్నదే సమాధానం. చరకుడు మొదటి అధ్యాయంలోనే రసానికి జలం, పృథివి రెండూ ఆధారద్రవ్యాలని, రుచుల్లో భేదాలు కలగడానికి మిగిలిన మూడు భూతాలు కారణమని చెప్పడంలో ఈ సమతూకం ఉంది. తార్కికుడు ఉపాధిగా పక్కకు తీసిపెట్టిన నేల, చరకుడి లెక్కలో రుచి వ్యక్తం కావడానికి తోడు నిలిచే భాగస్వామి. ఉపాధులన్నిటినీ తొలగిస్తే వస్తు స్వరూపం మిగులుతుందన్న సూత్రం స్ఫటికానికి చెల్లుతుంది. నీటికి దాన్ని వర్తింపజేస్తే మిగిలేది చప్పదనమే, ఎందుకంటే ఇతరాన్ని తనలోకి స్వీకరించడమే నీటి స్వరూపం. ఈ స్వరూపం తెలిసినవారికి ఒక బాధ్యత కూడా తెలుస్తుంది. నీరు ఏ నేలను తాకితే ఆ నేలను మోస్తుంది, డోలమైట్‌నూ ఫ్లోరైడ్‌నూ ఒకేలా స్వీకరిస్తుంది, ఎంచుకోవడం దానికి తెలియదు. ఎంచగలిగిన వివేకం మనిషికి ఉంది గనుక, నీరు నడిచే నేలను శుభ్రంగా ఉంచడం, దానిలో ఏది ఎంత కరిగిందో కొలిచి ఉన్నది ఉన్నట్లు చెప్పడం జలాన్ని దైవంగా కొలిచే సమాజానికి ధర్మం, ఆ రెండూ చేయని పూజ అసంపూర్ణం.